వారానికి 20 నిమిషాల ఫుల్ వాల్యూమ్

ఆదివారం ఉదయం 11 గంటలకు మా హాలు కిటికీలు మూసేస్తాను. స్పీకర్ డబ్బా మీద సగానికి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెడతాను. రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ మొదలవగానే ఆ నీళ్ల మీద గుండ్రటి గీతలు లేస్తాయి. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా గ్లాసు అంచు దగ్గర పుట్టిన వలయం మధ్యకు పరుగెత్తి కలిసిపోతుంది. వాల్యూమ్ బాగా తగ్గిస్తే నీళ్లు నిలిచిపోతాయి. పాట నడుస్తూనే ఉంటుంది, మాటలు, గిటార్, మౌతార్గాన్ అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. కానీ అడుగున ఉండాల్సిన బరువు ఎటో పోతుంది.

రాక్ పాటను గట్టిగా పెట్టుకోవాలనిపించడం కుర్రతనమని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లోనూ చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆ కోరికకు చెవి నిర్మాణంలోనే కారణం ఉంది. ఆ కోరికకు హద్దు కూడా అదే చెవిలో ఉంది. రెండింటినీ అంకెల్లో చెప్పొచ్చు. ఆ అంకెలు తెలిశాక నేను వినే పద్ధతి మారింది, వినడంలోని ఆనందం మాత్రం పెరిగింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు డెసిబెల్ సంగతి. ఇది కిలోలు, లీటర్ల లాంటి లెక్క కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దంలోని శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. చెవి మాత్రం ఇంత పెరుగుదలను అంతగా లెక్కలోకి తీసుకోదు. 10 డెసిబెల్స్ పెరిగితే మనకు దాదాపు రెండింతలు గట్టిగా వినబడినట్టు ఉంటుందంతే. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్. గదిలో 100 డెసిబెల్స్‌తో పాట మోగుతుంటే ఆ మాటల కన్నా 10,000 రెట్ల శక్తి చెవిలోకి వెళ్తున్నట్టు. మనకు తోచేది మాత్రం 16 రెట్లు. 10,000కీ 16కీ మధ్యనున్న ఈ తేడా గుర్తుంచుకోవాలి. చెవి పడే కష్టంలో చాలా కొద్ది భాగమే మనకు తెలుస్తోందన్నమాట.

రాక్ వాళ్లకు ఈ లెక్క 1960లలోనే వేదిక మీద ఎదురైంది. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్ వాయిద్యాల దుకాణం నడిపేవాడు. 1962లో ఆయన దుకాణంలో జేటీఎం 45 అనే గిటార్ యాంప్లిఫయర్ తయారైంది. ది హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్‌కు ఆ శబ్దం చాలలేదు. 1965లో 100 వాట్ల యాంప్లిఫయర్ వచ్చింది. దాని కింద 12 అంగుళాల స్పీకర్లు ఎనిమిదింటిని ఒకే డబ్బాలో బిగించారు. ఆ డబ్బా మోయడం మనుషుల వల్ల కాలేదు. దాంతో నాలుగేసి స్పీకర్ల డబ్బాలు రెండు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. రాక్ కచేరీ ఫొటోల్లో వెనకాల గోడలా కనిపించే ‘మార్షల్ స్టాక్’ అలా పుట్టింది.

ఇంతా చేస్తే 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్లినందుకు దక్కింది 3 డెసిబెల్స్. విన్నవాడికి కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. 50 వాట్ల శబ్దం రెండింతలు గట్టిగా వినపడాలంటే 500 వాట్లు కావాలి. నాలుగింతలు కావాలంటే 5,000. అందుకే ఒక స్టాక్ పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి చేరుతూ పోయాయి. 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ది హూ వాయించినప్పుడు సౌండ్ సిస్టమ్ 76,000 వాట్లది. స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదయ్యాయి. ప్రపంచంలో అతి పెద్ద శబ్దం చేసే బ్యాండ్‌గా గిన్నిస్ పుస్తకం ది హూ పేరు రాసుకుంది. అంతకు ముందు 1972లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో 117 డెసిబెల్స్‌తో వాయించిన డీప్ పర్పుల్ పేరు ఉండేది. తర్వాత కొన్నేళ్లకు గిన్నిస్ వాళ్లు ఈ విభాగాన్నే ఎత్తేశారు. రికార్డు కోసం జనం చెవులు పోగొట్టుకోకూడదని. నా దృష్టిలో అది మంచి నిర్ణయం.

చప్పుడు పెరిగితే పాట ఎందుకు మారుతుంది?

స్టీలు గ్లాసు దగ్గరికి మళ్లీ వద్దాం. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. మామూలు గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. మనిషి చెవికి బాగా పదునున్నది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా. పసిపిల్లల ఏడుపు, హెచ్చరిక కేకలు, మాటల్లోని హల్లులు మనకు చటుక్కున వినబడతాయంటే అందుకే. కింది స్వరాలకు వచ్చేసరికి చెవి మందగిస్తుంది.

ఎంత మందగిస్తుందో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచారు. తర్వాత ఆ కొలతలను ఇంకా సరిచేసి అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టుకున్నారు. ఆ ప్రమాణం ప్రకారం, 1,000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా అనిపిస్తుందో, 50 హెర్ట్జ్ స్వరం అంతే గట్టిగా అనిపించాలంటే దాన్ని సుమారు 78 డెసిబెల్స్‌కు పెంచాలి. తేడా 38. ఇప్పుడు వాల్యూమ్ పెంచి 1,000 హెర్ట్జ్ స్వరాన్ని 80కి తెచ్చామనుకుందాం. 50 హెర్ట్జ్ స్వరం దాంతో సమానంగా తోచడానికి సుమారు 102 సరిపోతుంది. తేడా 22కి దిగింది.

దీన్నిబట్టి, నాబ్ తిప్పినప్పుడు పాటంతా ఒకే లెక్కన పెరిగినా మన చెవిలో మాత్రం బేస్, డ్రమ్స్ మిగతావాటికన్నా వేగంగా లేస్తాయి. మెల్లగా పెట్టుకుంటే గిటార్, గొంతు మాత్రమే మిగిలి, వాటి కింద నేల లేనట్టుంటుంది. స్టూడియోలో ఇంజినీరు గట్టి వాల్యూమ్‌లో కూర్చుని, ఏ వాయిద్యం ఎంత ఉండాలో తేల్చిన పాట అది. మన ఇంట్లో మెల్లగా మోగితే ఆ పాళ్లు చెదిరిపోతాయి. పాత టేప్‌రికార్డర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక మీట ఉండేది, గుర్తుందా? రాత్రిపూట వాల్యూమ్ తగ్గించి వినేటప్పుడు అది నొక్కితే బేస్ పెరిగేది. ఫ్లెచర్, మన్సన్‌ల లెక్కను ఆ మీటలో పెట్టి మనకు అమ్మారు.

ఇంకో కారణం చెవిలోనే మరింత లోపల ఉంది. మనల్ని ఒరిగిపోకుండా నిలబెట్టే సమతాస్థితి అవయవాలు లోచెవిలోనే, వినికిడి భాగానికి ఆనుకుని ఉంటాయి. వాటిలో సాక్యూల్ అనేది ఒకటి. చేపల్లో ఇది శబ్దాన్ని పట్టుకునే అవయవం. 2000లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ టాడ్, ఫ్రెడరిక్ కోడీ ఒక పరిశోధన ప్రచురించారు. సంగీతం సుమారు 90 డెసిబెల్స్ దాటితే మనుషుల్లోనూ ఈ సాక్యూల్ స్పందిస్తుందని వాళ్లు చూశారు. ఊయల ఊగినప్పుడు కలిగే హాయికీ, గట్టి సంగీతంలో కలిగే ఊపుకీ మూలం ఒకటే కావచ్చని వాళ్ల ఊహ. ఆ పరిశోధన శీర్షికలోనే ‘రాక్ అండ్ రోల్ హద్దు’ అనే మాట ఉంది. ఊహ ఎంతవరకు నిలుస్తుందో గానీ, 85 దగ్గర కాలు మాత్రమే ఆడించే నేను 95 దగ్గర కూర్చోలేకపోతానన్నది నా అనుభవం.

రాక్ గిటార్‌లోని ఆ గరగర మాట కూడా చెప్పుకోవాలి. యాంప్లిఫయర్‌లోని వాల్వులను వాటి శక్తికి మించి తోస్తే శబ్దతరంగం పై అంచులు తెగిపోతాయి. తెగినచోట రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల హెర్ట్జ్‌లతో కొత్త స్వరాలు పుడతాయి. గొంతు చించుకుని అరిచే మనిషి గొంతులో వచ్చే జీర లాంటిదే ఇదీ. 1964లో ది కింక్స్ బ్యాండ్ పాట ‘యూ రియల్లీ గాట్ మీ’ కోసం గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న యాంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు. ఆ గరగర కోసమే. ఆ పాట ఇప్పటికీ ఎంత మెల్లగా పెట్టినా అరుస్తున్నట్టే ఉంటుంది.

కోటా ఎంత?

కొన్నేళ్ల కిందట ఒక కాలేజీ ఫెస్ట్‌లో, స్పీకర్ గుట్టకు మూడు నాలుగు అడుగుల దూరంలో రెండు గంటలు నిలబడ్డాను. బయటికి వచ్చాక స్నేహితుడి మాటలు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినబడ్డాయి. పడుకున్నాక చెవుల్లో కీచురాయి కూత. మర్నాడంతా అదే. మూడో రోజు ఉదయం తగ్గింది. తగ్గింది కదా అని మర్చిపోయాను. ఆ రెండు రోజుల్లో లోపల ఏం జరిగిందో చాలా తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఒక్కో చెవిలో కర్ణావర్తం అనే నత్తగుల్ల ఆకారపు గొట్టం ఉంటుంది. అందులో సుమారు 3,500 లోపలి రోమకణాలు, సుమారు 12,000 బయటి రోమకణాలు ఉంటాయి. లోపలివి శబ్దాన్ని మెదడుకు చేరవేస్తాయి. బయటివి మెల్లని శబ్దాలను పెంచి అందిస్తాయి. గట్టి శబ్దానికి మొదట అలిసిపోయేవి, మొదట చచ్చిపోయేవి ఈ బయటి కణాలే. అలిసిపోతే కొన్ని గంటల్లోనో రోజుల్లోనో తేరుకుంటాయి. చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. పుట్టినప్పుడు వచ్చిన సంఖ్యే జీవితాంతం. నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టూ మొదలవుతుంది. స, శ, ష లాంటి హల్లుల గాలి సవ్వడి ఉండేది ఆ ప్రాంతాల్లోనే. అందుకే వినికిడి తగ్గినవాళ్లు ‘వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు’ అంటారు.

ఎంతసేపు వింటే ప్రమాదమన్నదానికి రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. అమెరికాలోని వృత్తి భద్రత సంస్థ నియోష్ లెక్క కార్మికులకు సంబంధించింది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు, ఆపై 3 పెరిగినప్పుడల్లా సమయం సగం. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. పొట్టకూటి కోసం మోతలో పనిచేయక తప్పనివాళ్ల కోసం, కొంత నష్టాన్ని ఒప్పుకుని గీసిన గీత ఇది. సరదాగా వినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత వేరు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 90 అయితే వారానికి 4 గంటలు. 95 అయితే గంటంపావు. 100 అయితే 20 నిమిషాలు. ఇది రోజుకు కాదు, వారానికి. పిల్లలకు ఇంకా తక్కువ. 12 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లలో 100 కోట్ల మందికి పైగా ఈ గీత దాటే ప్రమాదంలో ఉన్నారని ఆ సంస్థ అంచనా.

నేను రెండో లెక్కనే పాటిస్తాను. రాక్ వినడం నాకు కూలి కాదు కదా, పండుగ. దాని కోసం చెవిలో ఒక్క కణాన్ని కూడా పణంగా పెట్టదలచుకోలేదు.

ఆ లెక్కతో చార్ల్‌టన్ మైదానం మళ్లీ చూడండి. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 32 మీటర్ల దగ్గర 126 అంటే 64 మీటర్ల దగ్గర 120, 128 మీటర్ల దగ్గర 114. మైదానం ఆ చివర నిలబడ్డవాడి వారం కోటా కూడా నిమిషంలోపే ఖర్చయిపోతుంది. ఇప్పటి కచేరీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన హద్దు 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్. సంగీతకారులు వాడే మంచి ఇయర్‌ప్లగ్స్ 15 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి. 100 ఉన్నచోట చెవికి చేరేది 85. స్వరాల పాళ్లు పెద్దగా చెదరవు కాబట్టి పాట పాటలాగే ఉంటుంది. ఇప్పుడు నా జేబులో అవి లేకుండా ఏ కచేరీకీ వెళ్లను.

ఆ 20 నిమిషాలు దేనికి?

కోటా ఉందని తెలిశాక ప్రతి పాటకూ విలువ వచ్చింది. అన్ని పాటలనూ గట్టిగా పెట్టడం మానేశాను. ఏ పాట నిజంగా 100 డెసిబెల్స్ కోరుతుంది? నేను చాలా పాటలు తిప్పి చూసి మూడింటి దగ్గర ఆగాను.

మొదటిది ‘వెన్ ది లెవీ బ్రేక్స్’, 7 నిమిషాల 8 సెకన్లు. లెవీ అంటే కరకట్ట. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద మీద 1929లో మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ పాడిన బ్లూస్ పాట దీనికి మూలం. కృష్ణా, గోదావరి కరకట్టల కింద ఊళ్లున్నవాళ్లకు ఆ భయం ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. లెడ్ జెప్లిన్ దాన్ని ఇంగ్లండ్‌లో హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేసింది. 1795లో పేదల వసతిగృహంగా కట్టిన భవనం. డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ను మెట్ల హాల్లో అడుగున పెట్టి, పైఅంతస్తు నుంచి రెండే రెండు మైకులు వేలాడదీశాడు ఇంజినీరు ఆండీ జాన్స్. డ్రమ్ము దగ్గర ఒక్క మైకు కూడా లేదు. దెబ్బ పడ్డాక అది మెట్ల గోడలకు కొట్టుకుంటూ పైకెక్కి మైకును చేరుతుంది. ఆ పాటలో మనం వినేది బోనమ్ ఎంత బలంగా కొట్టాడన్నది మాత్రమే కాదు, ఆ ఇంటి ఎత్తు ఎంతన్నది కూడా. మెల్లగా పెడితే ఆ ఎత్తు వినబడదు. 100 దగ్గర మా హాలు పైకప్పు లేచి మూడంతస్తులైనట్టుంటుంది.

రెండోది ది హూ పాట ‘వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్’, 1971. 8 నిమిషాల 32 సెకన్లు. ఆర్గాన్ శబ్దాన్ని సింథసైజర్‌లోంచి పంపి టౌన్‌షెండ్ చేసిన గలగల పాటంతా వెనక నడుస్తుంటుంది. ఆరున్నర నిమిషాల తర్వాత డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ ఆగిపోతాయి. ఆ గలగల ఒక్కటే నిమిషానికి పైగా తిరుగుతుంది. గ్లాసులో నీళ్లు పూర్తిగా నిలిచిపోతాయి. చెవి సర్దుకుంటుంది, చిన్న శబ్దాలకు అలవాటు పడుతుంది. ఏడుంముప్పావు నిమిషాల దగ్గర కీత్ మూన్ డ్రమ్స్ విరుచుకుపడతాయి, వెంటనే గాయకుడు రోజర్ డాల్‌ట్రీ గొంతులోంచి ఆ కేక. నాకు తెలిసి రాక్‌లో ఇంతకన్నా గొప్ప కేక లేదు. ఆ కేకను ఫుల్ వాల్యూమ్‌లో వినడానికి ముందున్న నిశ్శబ్దాన్ని కూడా ఫుల్ వాల్యూమ్‌లోనే వినాలి. మధ్యలో నాబ్ ముట్టుకుంటే పాట పోయినట్టే.

మూడోది ఏసీ/డీసీ బ్యాండ్ పాట ‘బ్యాక్ ఇన్ బ్లాక్’, 4 నిమిషాల 15 సెకన్లు. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో బహామాస్‌లోని నసావులో ఇదే పేరుతో ఆల్బమ్ రికార్డు చేసి ఆ జులైలోనే విడుదల చేశారు. అమెరికాలోనే 2.5 కోట్లకు పైగా ప్రతుల అమ్మకం నమోదైన ఆల్బమ్ ఇది. పాట మొదట్లో డ్రమ్స్‌లోని హైహ్యాట్ తాళాలు టిక్కుటిక్కుమని లెక్క పెడుతుంది. తర్వాత గిటార్ కొడుతుంది, ఆగుతుంది, కొడుతుంది, ఆగుతుంది. ఆ ఆగడంలోనే ఉంది బలమంతా. గిటార్‌లో గరగర మనం అనుకున్నంత ఉండదు, తీగల శబ్దం శుభ్రంగా ఉంటుంది. అందుకే వాల్యూమ్ ఎంత పెంచినా చెవికి గుచ్చుకోదు.

మూడూ కలిపితే 19 నిమిషాల 55 సెకన్లు. కోటాలో 5 సెకన్లు మిగులు.

పూర్తి ఆల్బమ్ వినాలనిపించిన వారం ఈ మూడూ ఉండవు. ది హూ ఆల్బమ్ ‘హూజ్ నెక్స్ట్’, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’, లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్, అన్నీ 42 నుంచి 44 నిమిషాలు. ఎల్పీ రికార్డు రెండు వైపులా హాయిగా పట్టేది అంతే. 95 డెసిబెల్స్ దగ్గర గంటంపావు కోటాలో ఒక ఆల్బమ్ నిశ్చింతగా వినొచ్చు. 90 దగ్గర అయితే 4 గంటలు, అంటే వారానికి ఐదు ఆల్బమ్‌లు. సాక్యూల్ హద్దు దాదాపు అక్కడే కాబట్టి నా ఎక్కువ వినడం 90 దగ్గరే.

కొలవడం కష్టమేమీ కాదు. నియోష్ ఐఫోన్ కోసం ఉచితంగా ఇచ్చే సౌండ్ మీటర్ యాప్ 2 డెసిబెల్స్ అటూఇటూగా సరైన అంకె చూపిస్తుంది. ఫోన్‌ను మనం కూర్చునే చోట, చెవి ఎత్తులో పట్టుకుని, పాటంతటి సగటు చూడాలి. ఒక్క డ్రమ్ము దెబ్బకు లేచే అంకెను చూసి కంగారుపడొద్దు. ఇంట్లో వాడే స్పీకర్లు చాలావరకు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ అటూఇటూగా మోగుతాయి. అదే మీటరు దూరంలో 100 కావాలంటే ఒక్క స్పీకర్‌కు 25 వాట్లు. డ్రమ్ము దెబ్బలు సగటు కన్నా 10 డెసిబెల్స్ పైకి లేస్తే ఆ క్షణానికి 250 వాట్లు. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్‌ను ఫుల్‌లో పెడితే బోనమ్ డ్రమ్ము డబ్బా మోతలా వినిపించేది ఆ వాట్లు లేకనే. నాబ్ చివరిదాకా తిరిగింది, పాట మాత్రం చివరిదాకా రాలేదు.

అన్ని పాటలూ వాల్యూమ్‌కు లొంగవు. 1990ల నుంచి సీడీలను పోటీపడి గట్టిగా తయారుచేశారు. పాటలోని మెల్లని చోట్లను కూడా పైకి లాగి, ఎత్తయిన దెబ్బలను కోసి, అంతా ఒకే మట్టానికి తెచ్చారు. మెటాలికా బ్యాండ్ 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియోగేమ్‌లో అంతగా నొక్కకుండా వచ్చాయి. రెండూ పోల్చి చూసిన అభిమానులు 10,000 మందికి పైగా ఆల్బమ్‌ను మళ్లీ సరిగా చేయమని సంతకాలు పెట్టారు. మెటాలికా అంటే నాకు ప్రాణం, కానీ ఆ సీడీని 90 దగ్గర రెండు పాటలకు మించి వినలేను. కీత్ మూన్ విరుచుకుపడడానికి ముందున్నటువంటి నిశ్శబ్దం అందులో ఎక్కడా లేదు. ఇప్పుడు స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే సగటు మట్టానికి తెచ్చి వినిపిస్తున్నాయి కాబట్టి, అలా నొక్కి చేసినందుకు ఒరిగేది కూడా ఏమీ లేదు.

హెడ్‌ఫోన్స్ మాట ప్రత్యేకంగా చెప్పాలి. టౌన్‌షెండ్ చెవుల్లో ఏళ్ల తరబడి హోరు ఉంది. చార్ల్‌టన్ లాంటి వేదికలే కారణమని లోకం అనుకుంటుంటే, స్టూడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గట్టిగా వినడమే తన చెవులను ఎక్కువగా పాడుచేసిందని ఆయనే చెప్పాడు. 126 డెసిబెల్స్ వేదిక మీద నిలబడ్డ మనిషి చెప్పిన మాట ఇది. యూరప్ ప్రమాణాల ప్రకారం ఫోన్, ప్లేయర్ మొదట 85 దగ్గర ఆగి హెచ్చరించాలి, ఎంత పెంచినా 100 దాటకూడదు. ఆ 100 వారానికి 20 నిమిషాలకే చెల్లుతుంది. సిటీ బస్సులో ఇంజను మోతను మింగేయడానికి పాట పెంచేవాళ్లు రోజూ ఆ కోటాను స్టాపు స్టాపుకూ ఖర్చుపెడుతున్నారు. పైగా హెడ్‌ఫోన్స్‌లో గ్లాసు నీళ్లు కదలవు, ఛాతీకి దెబ్బ తగలదు. ఆ లోటు పూడ్చుకోవాలని చెయ్యి ఇంకా పైకి పోతుంది. బయటి మోతను అణిచే హెడ్‌ఫోన్స్ కొనుక్కుని తక్కువలో వినడం మేలు.

బ్రయాన్ జాన్సన్ 2016లో పర్యటన మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. ఇలాగే కొనసాగితే వినికిడి పూర్తిగా పోతుందని వైద్యులు చెప్పారు. మిగిలిన కచేరీల్లో వేరే బ్యాండ్ గాయకుడు ఆక్సల్ రోజ్ పాడాడు. కొత్త పరికరాల సాయంతో జాన్సన్ తర్వాత మళ్లీ పాడగలిగాడు. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వింటున్న ప్రతిసారీ నాకు ఆయన చెవులు గుర్తొస్తాయి.

ఇక ఇరుగుపొరుగు. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రివేళ. మన ఇంట్లోని మ్యూజిక్ సిస్టమ్ శబ్దం మన ఆవరణ అంచు దగ్గర ఆ ప్రాంతానికి పెట్టిన హద్దు కన్నా 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. గొంతు, గిటార్ ఇటుక గోడ దగ్గర చాలావరకు ఆగిపోతాయి. ఆగనిది బేస్. 41 హెర్ట్జ్ తరంగం ఒక్కటే 8 మీటర్లకు పైగా పొడవుంటుంది, మా హాలు కన్నా పెద్దది. అది నేలను పట్టుకుని కిందికి దిగుతుంది.

ఒక ఆదివారం కింది ఫ్లాటు ఆంటీ గారు పైకి వచ్చారు. ‘బాబూ, పాట సంగతి నాకు తెలీదు గానీ మా షోకేసులో గాజుగ్లాసులు ఒకటే గలగల’ అన్నారు. వెళ్లి చూశాను. నిజమే, పై అరలో ఆరు గ్లాసులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. సాయంత్రమే స్పీకర్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేశాను, వాటిని గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాను. ఏ వేళైతే ఇబ్బంది ఉండదని అడిగితే, ‘పదకొండింటికి గుడికి వెళ్తాం నాయనా, పన్నెండు దాకా రాం’ అన్నారు. పదకొండు గంటల వేళ అలా కుదిరింది.

మూడో పాట అయిపోగానే నేను వెంటనే లేవను. కళ్లు మూసుకుని సీలింగ్ ఫ్యాను వింటాను. ఒకటో నంబరు మీద తిరిగే మా ఫ్యానుకు ప్రతి చుట్టుకూ ఒక చిన్న కిర్రు ఉంది. పాట ఆగిన క్షణంలోనే ఆ కిర్రు పాట ముందు విన్నంత స్పష్టంగా వినబడితే చెవి అలిసిపోలేదని నా గుర్తు. మొదట్లో రెండుసార్లు అది దూరం నుంచి వచ్చినట్టుగా వినబడింది. పై వారం 3 డెసిబెల్స్ తగ్గించాను. ఇప్పుడు 97 దగ్గర స్థిరపడ్డాను. గ్లాసులో నీళ్లు ఇంకా కదులుతున్నాయి.